నాలుగో బోల్టు

ఫిబ్రవరి. హీయుమా దీవిలో
షెడ్డు రేకుల మీద మూరెడు మంచు.
ఉర్వే కారు జాకీల మీద,
కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న పెద్దావిడలా ఉంది.
ముప్పై నాలుగేళ్ళ వోల్వో. దాన్లోనే టపా పంచుతుంది ఉర్వే.
సముద్రం గడ్డకట్టిన ఏళ్ళలో
బెల్టు పెట్టుకోకుండా, కిటికీ దించుకుని
మంచుదారిన అవతలి ఒడ్డుకు పోయొచ్చింది.
గడ్డకట్టని ఏళ్ళలో రోడ్డు మీద చల్లిన ఉప్పు తింది కారు.
ఉప్పు తిన్న విశ్వాసం అంటారే,
అదిగో, అడుగున, ప్రతి మర మీదా ఎర్రగా.

"గతుకుల్లో కీచుమంటోంది," అంది ఉర్వే.
"ఏడుస్తోంది," అన్నాడు హెల్దుర్.
స్పానర్ నాకిచ్చాడు. నేను పనిలో చేరి ఐదు నెలలు.

షాక్ అబ్జార్బర్ కింది బోల్టుకి
నిన్న సాయంత్రమే నూనె కొట్టి ఉంచాను.
రాత్రంతా తాగింది, పొద్దునా దాహంగానే ఉంది.
స్పానర్‌కి పైపు తొడిగి వేలాడాను.
ససేమిరా అంది.
కాసేపటికి కదిలింది, సంబరపడ్డాను కూడా.
కదిలింది నట్టు కాదు, నట్టు మూలలు.
ఆరు మూలలదల్లా గుండ్రంగా నవ్వింది.
హెల్దుర్ ఏమీ అనలేదు.
ఉలి తీసి నట్టును నిలువునా చీల్చాడు.

రెండోది కంట్రోల్ ఆర్మ్‌ది.
తిరుగుతుంది, రాదు.
బోల్టుతో పాటు బుష్ లోపలి గొట్టం, గొట్టంతో పాటు రబ్బరు,
తిప్పినంతా తిరిగి, వదలగానే వెనక్కి.
ఉడుంపట్టు కూడా కాదిది,
ఉడుముకి ఆకలేస్తే వదులుతుంది.
ఇక్కడ ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తెలీదు.
మంట పెట్టాం. రబ్బరు కాలింది.
ఆ వారమంతా సౌనాలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.
చివరికి రంపం. నాలుగు బ్లేడ్లు.

మూడోది బాల్ జాయింట్.
సుత్తి ఎత్తి దాని నెత్తిన కొట్టబోతే
చెయ్యి పట్టుకున్నాడు.
"బిగుసుకున్నదాన్ని కొట్టకు.
దాన్ని పట్టుకున్నదాన్ని కొట్టు. పక్కనుంచి."
కొట్టాను, ఇనుప కంటి చెంప మీద.
పది. ఇరవై.
లెక్క మరిచిపోయాక, నా దెబ్బలతో సంబంధం లేనట్టు
ఠప్పున ఊడింది.
ఇద్దరం వంగి చూశాం.
లోపల గోరంత చోటు, తుప్పు లేకుండా, మెరుస్తోంది.

నాలుగోదానికి గ్యాసు వెలిగించి పెట్టుకున్నాం.
రంపానికి కొత్త బ్లేడు బిగించాం.
ఊపిరి బిగబట్టి లాగాను,
వెల్లకిలా పడ్డాను.
నట్టు వచ్చేసింది. మిగతాది వేళ్ళతోనే.
బోల్టు జారుతూ బయటికొచ్చింది,
మరల నిండా రాగిరంగు గ్రీజు,
నిన్న పూసినంత మెత్తగా.

హెల్దుర్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు.
"నేను కాదు.
ఆ రోజుల్లో ఈ డబ్బా కొనే స్తోమత లేదు నాకు."
ఉర్వేకి ముందు నలుగురు యజమానులు.
కాగితాల్లో పేర్లున్నాయి, బోల్టుల సంగతి లేదు.
ఎవరో, ఏ షెడ్డులోనో,
భోజనానికి లేవబోతూ ఇంకో నిమిషం ఆగి
బ్రష్షు ముంచారు.
ఒక్కదానికే ఎందుకు పూశారో.
డబ్బాలో అంతే మిగిలిందేమో.

కొత్త బోల్టులన్నిటికీ నేనే పూశాను.
"ఇంకొంచెం," అన్నాడు,
చేతిగుడ్డ పారేసినా సణిగే మనిషి.

బిల్లు రాశాడు:
మొదటి మూడు, ఏడు గంటలు.
నాలుగోది, ఊరికే వచ్చింది.
ఉర్వే రెండుసార్లు చదివి, మడిచి
కోటు జేబులో పెట్టుకుంది.

మర్నాడు సాయంత్రం ఫోన్ చేసింది. కారు బాగుందట.
ఒక్కటే ఇబ్బంది.
ఇన్నేళ్ళూ ఆ కీచుచప్పుడు వినే
కాయినా కుక్కలన్నీ గేట్ల దగ్గరికి పరిగెత్తేవి.
ఇవాళ ఒక్కటీ లేవలేదట.
చివరింటి ముసలి కుక్క పక్కనుంచే నడిచి వెళ్ళి
పెట్టెలో ఉత్తరం వేసి
తిరిగొచ్చి,
కారు తలుపు కావాలనే గట్టిగా వేసిందట.